ఉమ్మడి ఆర్డర్లు, సర్క్యూట్ సలహాలు: మా రెండు జిల్లాల ఎలక్ట్రానిక్స్ గ్రూపు, నాలుగేళ్ల వాడకం తర్వాత

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్నవాళ్లు కలిసి నడుపుకునే గ్రూపు ఇది. పని రెండే. నెలకోసారి అందరికీ కావలసిన పార్టులు ఒకే ఆర్డర్‌లో తెప్పించడం, సర్క్యూట్ మొరాయించినప్పుడు సలహా చెప్పుకోవడం. డబ్బు మిగులుతుందని చేరేవాళ్లకి ముందే ఒక మాట: మిగిలేది అంతంతమాత్రం. సరుకు దిగగానే విప్పి, మీటరు పెట్టి చూసే అలవాటు ఇక్కడ ఉంది. గ్రూపు నిలబడింది దాని మీదే.

ఆర్డర్ పద్ధతి: నెల మొదట్లో ఒక పట్టిక తెరుస్తారు. పేరు, పూర్తి పార్టు నంబరు, ప్యాకేజీ (పార్టు ఏ ఆకారంలో, ఎలాంటి కాళ్లతో రావాలో), ఎన్ని కావాలి, అది దొరక్కపోతే ఏది పరవాలేదు అన్నవి ఐదు గడులు. పదో తారీఖు రాత్రికి పట్టిక మూసేస్తారు, ఆ తర్వాత అడిగినా చేర్చరు. డబ్బు ముందే ఫోన్‌లో పంపాలి, పంపనివాళ్ల వరుస కొట్టేస్తారు. కఠినంగా అనిపిస్తుంది గానీ, ఒక్కరి బాకీ కోసం ఇరవై మంది సరుకు ఆగిపోకూడదుగా.

తప్పులు ఎక్కువగా జరిగేది ప్యాకేజీ గడి దగ్గరే. "ఎల్ఎం358 పది" అని ఆ చిప్పు పేరు మాత్రం రాసి ఊరుకుంటే, అతకకుండా పార్టులు గుచ్చే బ్రెడ్‌బోర్డు మీద కూర్చునే డిప్ రావచ్చు, బియ్యపు గింజంత ఎస్ఎండీ రావచ్చు. ప్రోగ్రాము రాసుకునే ఏటీమెగా328 చిప్పు సంగతి ఇంకా తిరకాసు. చివర పీయూ అని ఉంటే కాళ్లున్న డిప్, ఏయూ అని ఉంటే చదునుగా అతికే ఎస్ఎండీ. 328పి, ఉత్త 328 రెండూ ఒకటే అనుకుని రెండోది తెప్పిస్తే, చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే ప్రోగ్రామర్, సిగ్నేచర్ (చిప్పు గుర్తింపు సంఖ్య) సరిపోలేదని మొండికేస్తుంది. చిప్పు పాడైందని పారేసేవాళ్లూ ఉన్నారు. సెట్టింగ్‌లో చిప్పు పేరు మారిస్తే అదే చిప్పు నిక్షేపంగా పనిచేస్తుంది.

ట్రాన్సిస్టర్లలో "అదే పని చేస్తుంది, ఇది పంపండి" అన్న మాటకి లొంగకూడదు. బీసీ547ని చదును వైపు మనకేసి పెట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఈ వరుస తిరగబడుతుంది. పీఎన్2222ఏ, పీ2ఎన్2222ఏ అని ఒక్క అక్షరం అటూఇటూగా ఉన్న రెండింటి కాళ్ల వరుస కూడా ఒకదానికొకటి ఎదురే. బదులు పార్టు గడిలో "కాళ్ల వరుస కూడా అదే ఉండాలి" అని రాయడం ఈ గ్రూపులో ఆనవాయితీ అయింది, మంచి ఆనవాయితీ.

ఇక లెక్క. అరవై రూపాయల సరుక్కి ఎనభై రూపాయల కొరియర్ కట్టే బాధ తప్పుతుంది, అది నిజం. పది, ఇరవై ఐదు, వంద దగ్గర రేటు తగ్గే పార్టుల్లో కాస్త కలిసొస్తుంది: రెసిస్టర్లు, 104 (అంటే 0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్లు, 1ఎన్4007 డయోడ్లు, హెడర్ పిన్నులు. ఒక్కటో రెండో కావలసిన మాడ్యూళ్లలో (పార్టులన్నీ అతికించి వచ్చే చిన్న బోర్డుల్లో) తేడా నామమాత్రం. జీఎస్టీ 18 శాతం ఎలాగూ పడుతుంది. బిల్లు అందరికీ కనిపించేలా పెడతారు, కొరియర్ ఖర్చుని సరుకు విలువను బట్టి పంచుతారు. రెండు వందల సరుకు తెప్పించిన కుర్రాడూ రెండు వేల సరుకు తెప్పించినాయనా సమానంగా మొయ్యక్కర్లేదు.

పంపిణీ మాత్రం విజయనగరం వాళ్లకున్నంత సుఖం శ్రీకాకుళం వైపు లేదు. పెట్టె విజయనగరంలో దిగుతుంది. పంచిన పొట్లాలు ఆర్టీసీ కార్గోలో శ్రీకాకుళం కాంప్లెక్సుకి వెళ్తాయి. అక్కడి నుంచి నరసన్నపేట, టెక్కలి, పలాస వాళ్లు ఎవరికి వారే తెచ్చుకోవాలి. పలాస చేరేసరికి ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ. పొట్లం మీద పేరుతో పాటు పార్టుల జాబితా అతికించాలన్న నియమం ఉంది గానీ, తొందరలో మానేస్తారు. అప్పుడు నాలుగు వందల డెబ్భై ఓంలదీ నాలుగు వేల ఏడు వందలదీ రంగుల గీతలు చూసి ఏరుకోవాల్సి వస్తుంది.

సరుకు పరీక్ష దగ్గరికి వద్దాం. ప్రతి సంచిలోంచి పదికి ఒకటి చొప్పున, కనీసం రెండు తీసి చూస్తారు. ఖరీదైన పరికరాలేం లేవు: ఒక మల్టీమీటరు, ఏటీమెగాతో చేసిన చవక కాంపోనెంట్ టెస్టర్, బంగారం తూచే చిన్న కాటా, 12 వోల్టుల బల్బు ఒకటి.

మాస్‌ఫెట్‌కి బల్బు పరీక్ష. ఇది స్విచ్చిలా వాడే ట్రాన్సిస్టర్, గేటు, డ్రెయిన్, సోర్సు దాని మూడు కాళ్లు. ఐఆర్ఎఫ్540ఎన్ గేటుకి 10 వోల్టులిచ్చి, డ్రెయిన్‌లో 12 వోల్టుల 21 వాట్ల బల్బు వేస్తే సుమారు 1.75 ఆంపియర్లు పారతాయి. అసలు పార్టు నిరోధం గరిష్ఠంగా 44 మిల్లీ ఓంలు కాబట్టి డ్రెయిన్‌కీ సోర్సుకీ మధ్య 77 మిల్లీ వోల్టులు దాటకూడదు. రెండు మూడు వందలు చూపిస్తే లోపల చిన్న చిప్పు పెట్టి పైన పేరు గీసినట్టే లెక్క. ప్రోబులు నేరుగా మాస్‌ఫెట్ కాళ్ల మీదే ఆనాలి, బ్రెడ్‌బోర్డు మీద కొలిస్తే దాని స్ప్రింగుల నిరోధం కూడా కలిసి మంచి పార్టుకి చెడ్డ పేరొస్తుంది.

వోల్టేజీ దించే ఎల్ఎం2596 మాడ్యూళ్లకి ఫ్రీక్వెన్సీ చూస్తారు. అసలు చిప్పు 150 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవుతుంది. నకిలీల్లో చాలా మటుకు 50 చుట్టుపక్కల ఉంటాయి. మాడ్యూలు మీది కాయిల్ 150కి సరిపడినది కాబట్టి 50 దగ్గర రిపుల్ (బయటికొచ్చే వోల్టేజీలో ఊగుడు) పెరుగుతుంది, చిప్పు కాగుతుంది, "3 ఆంపియర్లు" అన్నది ఒకటి దగ్గరే చేతులెత్తేస్తుంది. మల్టీమీటరులో హెర్ట్జ్ కొలిచే వీలుంటే రెండో కాలు మీద పెడితే తెలిసిపోతుంది. నకిలీ అని తేలినవాటిని పారెయ్యరు. "అర ఆంపియర్ లోపు" అని రాసి సగం ధరకి ఇస్తారు, ఆ నిజాయితీ బాగుంది.

కెపాసిటర్లని టెస్టర్‌లో పెట్టేముందు కాళ్లు రెండూ కలిపి చార్జి దింపాలి, లేకపోతే ముందు పోయేది టెస్టరే. 1000 మైక్రోఫారడ్‌ది 800కి 1200కి మధ్య చూపిస్తే సరే. 18650 లిథియం సెల్లు కాటా మీద 45 గ్రాముల చుట్టూ తూగాలి. పైన 9900 మిల్లీ ఆంపియర్ అవర్లని రాసి ముప్ఫై గ్రాములు కూడా తూగనిది దీపావళి సరుకు. ఆ సైజు సెల్లులో మామూలుగా దొరికేది 3500 చుట్టుపక్కలే, 9900 అన్నది రాతే తప్ప చార్జి కాదు. పార్టులు అతికే సీసపు తీగలో (సోల్డర్‌లో) మోసం ఇంకో రకం. 63/37 తీగ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఆరాక మెరుస్తుంది. తగరం తగ్గించిన తీగ పూర్తిగా కరగడానికి ఇంకా వేడి అడుగుతుంది, ఆరేటప్పుడు గుజ్జులా ఉండి అతుకు బూడిద రంగుకి తిరుగుతుంది. అలాంటి రీలు గ్రూపు ఆర్డర్‌లోనూ ఒకసారి దాటిపోయింది, సగం మంది వాడేశాక గాని తేలలేదు. అప్పటి నుంచి తీగ కూడా పరీక్ష జాబితాలో చేరింది.

సలహాల సంగతి. "మాస్టారూ, పని చెయ్యట్లేదు" అని ఒక ఫోటో పెడితే ఎవరూ పలకరు, పలకకూడదని నియమం. చేత్తో గీసినా సరే సర్క్యూట్ బొమ్మ, సప్లై వోల్టేజి లోడు ఉన్నప్పుడూ లేనప్పుడూ, చిప్పు ప్రతి కాలి మీదా గ్రౌండుతో కొలిచిన వోల్టులు, బోర్డు రెండు వైపుల ఫోటోలు. ఈ నాలుగూ కావాలి. వీటిని తయారు చేస్తుండగానే సగం తప్పులు అడిగేవాళ్లకే దొరికిపోతాయి.

ఇక్కడ ఎక్కువగా అడిగేది బోరు మోటారు స్టార్టరుని ఫోన్‌తో ఆన్ చేసే బోర్డు గురించి. సిమ్ కార్డు వేసే సిమ్800ఎల్ మాడ్యూలు, ప్రోగ్రాము నడిపే ఆర్డ్యూనో నానో బోర్డు, కరెంటుతో పనిచేసే స్విచ్చిలైన రిలేలు రెండు. మాడ్యూలు కాల్ తీసుకోగానే రీసెట్ అవుతుందన్నది పాతకాలపు ఫిర్యాదు. దానికి 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి, సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నానో 5 వోల్టుల కాలు నుంచి ఇస్తే వోల్టేజీ ఎక్కువ, కరెంటు చాలదు, రెండు విధాలా తప్పే. 12 వోల్టుల నుంచి ఎల్ఎం2596తో 4.0కి దించాలి. ఆ దించడం మాడ్యూలు తగిలించకముందే చెయ్యాలి. మాడ్యూలు కాళ్లకి ఆనుకుని 1000 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్, పక్కన 104 ఒకటి. తీగలు బెత్తెడు మించకూడదు. నానో నుంచి వెళ్లే 5 వోల్టుల సిగ్నల్‌ని రెండు 10కె రెసిస్టర్లతో సగానికి దింపాలి. లైటు సెకనుకోసారి మెరుస్తుంటే ఇంకా నెట్‌వర్క్ దొరకలేదని, మూడు సెకన్లకోసారి అయితే దొరికిందని. ఇది 2జీ మాడ్యూలు. జియో సిమ్ వేసి ఎంతసేపు చూసినా మూడు సెకన్లకి మారదు, ఆ నెట్‌వర్కులో 2జీయే లేదు.

ఇంతవరకూ సలహాలు పక్కా. ఆ తర్వాత రిలే నుంచి స్టార్టరుకి వెళ్లేచోట గ్రూపు బలహీనత బయటపడుతుంది. నీలం రంగు చిన్న రిలే మీద 250 వోల్టులని స్పష్టంగా రాసుంటుంది. త్రీఫేజ్ స్టార్టరులో కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే పెద్ద రిలే) కాయిల్ చాలాచోట్ల 415 వోల్టులది. "మాకు పనిచేస్తోంది" అని నేరుగా కలపమనేవాళ్లు గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. పనిచేస్తుంది, కొన్నాళ్లు. తర్వాత కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఆపమని కాల్ చేసినా మోటారు ఆగదు, బోరు ఎండినా తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్ ఉన్నచోట కాయిల్‌ని 230దిగా మార్చుకోవాలి. లేనిచోట 440 వోల్టులు తట్టుకునే సహాయక రిలే మధ్యలో పెట్టాలి. స్టార్టు రిలే పచ్చ బటనుకి సమాంతరంగా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే మూతపడాలి. స్టాపు రిలే ఎర్ర బటనుతో వరుసలో, మామూలప్పుడు మూసి ఉండే కాంటాక్టు మీద. ఒక ఫేజు పోతే మోటారుని ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ని ఎప్పుడూ తప్పించకూడదు. ఉరుముల కాలానికి, వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకితే అడ్డుకునే వేరిస్టర్ పెట్టమంటారు, మంచిదే, కానీ 14డి471 అన్నది 300 వోల్టుల లోపు లైనుకి. రెండు ఫేజుల మధ్య వేస్తే అది పేలుతుంది, అక్కడికి 14డి821 కావాలి. ఇలాంటి 415 వోల్టుల పనులకి గ్రూపు సలహా బొమ్మ వరకే వాడుకుని, తీగలు కలపడం స్టార్టర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్‌కి ఒప్పగించడం మేలు.

ట్యాంకు నీటి మట్టం చూసే సర్క్యూట్లలో రాగి తీగలకి డీసీ ఇచ్చి, నెల తిరక్కుండా పచ్చగా తినేసిందని వచ్చేవాళ్లు ఎక్కువ. బోరు నీళ్లలో లవణాలుంటాయి, అది విద్యుద్విశ్లేషణ. స్టెయిన్‌లెస్ కడ్డీలు వాడి, కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చి, మరుసటిసారి దిశ మార్చి ఇస్తే చాలాకాలం నిలుస్తాయి. ఫ్లోట్ స్విచ్చి పెడితే ఈ గొడవే ఉండదు. గ్రూపులో ఈ మాట చెబితే మాత్రం సరదా పోతుందని ముఖం ముడుచుకుంటారు.

ఎలిమినేటర్ల (ఇంటి కరెంటుని తక్కువ వోల్టుల డీసీగా మార్చే సప్లైల) విషయంలో ఒక మంచి అలవాటు నేర్పారు: 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వెనక 16 వోల్టుల కెపాసిటర్ వెయ్యకపోవడం. 12ని 1.414తో గుణిస్తే 17, డయోడ్లలో 1.4 పోతే 15.5. రాత్రి పూట లోడు తగ్గి లైను 250 దాటితే 18, 20 దాకా పోతుంది. 35 వోల్టులదే వెయ్యాలి. అదే సప్లై మీద 5 వోల్టుల రెగ్యులేటర్ 7805తో అర ఆంపియర్ తీస్తే 5 వాట్ల పైనే వేడి, హీట్‌సింక్ లేకుండా నిలవదు. భీమిలి, కళింగపట్నం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లకైతే బోర్డు వెనక వార్నిష్ కొట్టమంటారు. దానికి ముందు ఫ్లక్సుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలన్నది కలిపి చెప్పరు. కడగకుండా వార్నిష్ వేస్తే జిగురూ తేమా లోపలే ఉండిపోయి, అతుకుల మధ్య లీకేజీ మొదలవుతుంది.

రిపేరు షాపు నడిపేవాళ్లకి ఇది పనికిరాదు. కస్టమరు మిక్సీ బోర్డు ఇచ్చి సాయంత్రానికి కావాలంటే, నెలకోసారి వచ్చే ఆర్డర్ ఏం చేసుకోను? చెడిన పార్టు వెనక్కి పంపడం కూడా కష్టమే. బిల్లు ఒకరి పేరు మీద ఉంటుంది, గడువు చూస్తే మన చేతికి చేరేసరికే సగం అయిపోతుంది. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ప్రాజెక్టు గడువుకి వారం ముందు వచ్చి చేరితే వాళ్లకీ ఇదే గతి. నెల ముందు పట్టికలో పేరు రాసుకునే ఓపిక ఉన్నవాళ్లకి సరిపోతుంది.

కొత్తగా చేరేవాళ్లు మొదటి ఆర్డర్‌లో మాడ్యూళ్ల జోలికి పోకుండా పునాది సరుకు తెప్పించుకుంటే మంచిది. పావు వాట్ 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు 100, 220, 330, 1కె, 2.2కె, 4.7కె, 10కె, 47కె, 100కె, ఒక్కోటి యాభై. 104 సిరామిక్ యాభై. 10 మైక్రోఫారడ్ 50 వోల్టులవి, 100, 1000 మైక్రోఫారడ్ 35 వోల్టులవి పదేసి. 1ఎన్4007, బీసీ547 పాతికేసి. పీసీ817 ఆప్టోలు (వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్పులు) పది, చివర సి అక్షరం ఉన్నవి, అక్షరం రాయకపోతే గెయిన్ తేడాలున్నవి కలగలిపి వస్తాయి. 5 వోల్టుల ఆర్డ్యూనోతో మోటారో ఎల్ఈడీ పట్టీయో నడపాలంటే ఐఆర్ఎఫ్540 బదులు ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్లు మూడు రాయాలి. 540 గేటుకి 5 వోల్టులు చాలవు, సగం తెరుచుకుని కాగిపోతుంది. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 బోర్డు అయితే ఐఆర్ఎల్‌జెడ్ కూడా పూర్తిగా తెరుచుకోదు, ఏఓ3400 మాస్‌ఫెట్ కావాలి. అది మాత్రం ఎస్ఎండీలోనే వస్తుంది. ప్యాకేజీ గడిలో ఎస్ఓటీ-23 (దాని మూడు కాళ్ల ఎస్ఎండీ ఆకారం) అని రాసి, కింది వరుసలో దాన్ని బ్రెడ్‌బోర్డుకి సరిపెట్టే అడాప్టర్ బోర్డులు కూడా ఐదు రాసుకోండి.