ట్రైనింగ్ ఫ్రీ అంటూ అమ్మే పాత డ్రోన్‌తో జాగ్రత్త

హైదరాబాద్‌లో పాత కెమెరా డ్రోన్ కోసం వెతుకుతున్నవాళ్లకు, ముఖ్యంగా మొదటిసారి కొంటున్నవాళ్లకు ఇది రాస్తున్నాను. కొన్న డ్రోన్ చెరువులో మునిగిపోయి నాకు 52,000 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ రోజు చెరువు గట్టు మీద నేనూ మా తమ్ముడూ తప్ప ఎవరూ లేరు. వారం తర్వాత అయితే అదే గట్టు మీద ఊరి ఆడవాళ్లంతా బతుకమ్మలతో నిలబడి ఉండేవాళ్లు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మాది నాచారం. అమ్మమ్మ ఊరు చౌటుప్పల్ దాటాక లోపలికి ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ రెండేళ్లుగా చెరువు దాకా నడవలేకపోతోంది. సద్దుల బతుకమ్మ నాడు చెరువునూ పూలనూ పైనుంచి తీసి, ఇంట్లో టీవీలో ఆమెకు చూపించాలనుకున్నాను. ఆన్‌లైన్‌లో ప్రకటన కనిపించింది: 249 గ్రాముల డ్రోన్, రెండు బ్యాటరీలు, బ్యాగు, ట్రైనింగ్ ఫ్రీ. ఆ చివరి రెండు మాటలు చూసే వెళ్లాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఈ పద్ధతిలో అమ్మే ఎవరి దగ్గరైనా మీకు ఎదురయ్యేది ఇదే కాబట్టి, ఏం జరిగిందో వివరంగా చెప్తాను.

ట్రైనింగ్ అంటే దుకాణం ఉన్న బిల్డింగు మేడ మీద ఇరవై నిమిషాలు. ఒక పక్క నీళ్ల ట్యాంకు, ఇంకో పక్క సెల్ టవర్. దుకాణం అతను డ్రోన్‌ను స్లాబు మీదే పెట్టి ఆన్ చేశాడు. యాప్‌లో కంపాస్ (దిక్కు చూసుకునే భాగం) గురించి ఎర్ర అక్షరాలు వస్తే వేలితో పక్కకు తోసేశాడు. "ఇది అట్లనే వస్తదన్నా, పట్టించుకోకు" అన్నాడు. స్లాబులోని ఇనుప చువ్వలు డ్రోన్ కంపాస్‌ను గందరగోళపరుస్తాయని, అందుకే మేడ మీదనుంచి ఎగరేయొద్దంటారని నాకు తర్వాత తెలిసింది. ఎడమ స్టిక్ పైకంటే లేస్తది, కుడి స్టిక్ ముందుకంటే పోతది, ఏమన్నా అయితే ఈ బటన్ నొక్కు, అదే ఇంటికొస్తది. నేర్పింది అంతే.

ఆ 'ఇంటికొస్తది' అన్న మాటే నన్ను ముంచింది. బటన్ నొక్కితే డ్రోన్ మీరు నిలబడ్డ చోటికి రాదు. ఏ చోటును 'హోమ్ పాయింట్'గా రాసుకుందో అక్కడికి వెళ్తుంది. లేవకముందే జీపీఎస్ గట్టిగా దొరికితే, లేచిన చోటునే రాసుకుంటుంది. దొరక్కముందే లేపితే, గాలిలో ఉండగా సిగ్నల్ బాగా దొరికిన క్షణాన కింద ఏముందో అదే దానికి ఇల్లు. నేను జీపీఎస్ సంగతి అడిగాను కూడా. "అది వచ్చేదాక కూసుంటే బ్యాటరీ అయిపోతదన్నా. లేపెయ్యి, పైకి పోయినంక అదే దొరుకుతది" అన్నాడు.

ఆదివారం పొద్దున ఊరికి వెళ్లాం. ఎండగా ఉందని గట్టు మీద చింతచెట్టు కింద నిలబడి, అక్కడినుంచే లేపాను. కొమ్మల కింద శాటిలైట్లు సరిగా దొరకలేదు. అతను చెప్పినట్టే లేపి, తక్కువ ఎత్తులో నీళ్ల మీదికి పోనిచ్చాను. కాసేపటికి హోమ్ పాయింట్ నమోదైందని ఫోన్‌లోంచి ఆడగొంతు చెప్పింది. అది వినగానే నాకు ధైర్యం వచ్చింది. అప్పటికి డ్రోన్ గట్టునుంచి దాదాపు నలభై మీటర్లు లోపల, నీళ్ల మీద ఉంది.

అక్కడినుంచి అవతలి గట్టు దాకా వెళ్లాను. బ్యాటరీ సగానికి దగ్గరగా ఉన్నదల్లా చూస్తుండగానే అడుగుకు పడిపోయింది. అలారం మోగింది. భయంతో బటన్ నొక్కాను. డ్రోన్ పైకి లేచి, మా వైపు తిరిగి, వస్తూ వస్తూ చెరువు నడుమ ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎడమ స్టిక్ పైకి తోసి పట్టుకుంటే దిగడం నెమ్మదిస్తుందని, అదే సమయంలో కుడి స్టిక్‌తో గట్టు వైపు లాగొచ్చని నాకెవరూ చెప్పలేదు. నేను మళ్లీ మళ్లీ ఆ బటనే నొక్కుతూ నిలబడ్డాను. తమ్ముడు నీళ్లలో దూకబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. సాయంత్రం చేపలు పట్టే ఆయన ఒకరు తెప్ప మీద వెళ్లి వల వేసి చూశారు, దొరకలేదు. రాత్రి యాప్‌లో ఫ్లైట్ రికార్డు తెరిచి చూస్తే, మ్యాప్ మీద హోమ్ గుర్తు చెరువు మధ్యలో ఉంది. అప్పుడు అర్థమైంది.

పండగ రోజు జనం మీదుగా ఎగరేసినా ఏమీ కాదని కూడా అతనే చెప్పాడు. 249 గ్రాముల వస్తువు ముప్పై మీటర్ల పైనుంచి తల మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. నాలుగు రెక్కలూ తిరుగుతూనే పడొచ్చు. బతుకమ్మ అయినా బోనాలైనా పెళ్లి ఊరేగింపైనా, కొత్తగా నేర్చుకునేవాళ్లు మనుషుల మీదుగా ఎగరేయకండి. పక్కనుంచి, దూరంగా తీయండి.

బ్యాటరీ సంగతి. మిగిలిన రెండో బ్యాటరీని బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగింది. అడుగు ఉబ్బిపోయి ఉంది. మునిగిపోయిందీ దాని తోడుదే, అదీ అలాగే ఉండి ఉంటుంది. ఉబ్బిన లిథియం బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకూడదు, అంటుకునే ప్రమాదం ఉంది. పాత డ్రోన్ చూడ్డానికి వెళ్తే ప్రతి బ్యాటరీనీ చదునైన గాజు మీద పెట్టి చూడండి. యాప్‌లో ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో, ఒక్కో సెల్ వోల్టేజీ ఎంతో కనిపిస్తుంది. సెల్‌కూ సెల్‌కూ తేడా బాగా ఉంటే వద్దనేయండి. నిండా ఛార్జ్ చేయించి, మీ ముందే కనీసం పది నిమిషాలు గాలిలో నిలపమనండి. శాతం మెట్లు దిగినట్టు తగ్గాలి గానీ బావిలో పడ్డట్టు పడిపోకూడదు.

ఇంకో మోసం అకౌంట్‌ది. నా ఫోన్‌లో యాప్ వేసుకుని కలపబోతే, ఈ డ్రోన్ ఇంకొకరి ఖాతాకు కట్టి ఉందని వచ్చింది. "పాత ఓనర్ ఊర్ల లేడు, మా ఐడీ పెట్టుకో" అని తన లాగిన్ ఇచ్చాడు. నేను పెట్టుకున్నాను. అది దొంగ సొత్తు అయి ఉంటే ఎవరి మెడకు చుట్టుకునేదో చెప్పలేను. పాత ఓనర్ తన ఫోన్‌లోంచి డ్రోన్‌ను తొలగించి, మీ ఖాతాలోకి వచ్చిందని మీ కళ్లతో చూసేదాకా ఒక్క రూపాయి ఇవ్వకండి. పెట్టె మీది సీరియల్ నంబరూ డ్రోన్ మీదిదీ ఒకటేనా అని చూడండి. నేను తర్వాత పెట్టె తీసి చూస్తే రెండూ వేరు.

'ఇంటర్నేషనల్ వారంటీ' అన్న మాటనూ నమ్మకండి. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పరిశోధనకు, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉంది. ఆ తర్వాత వచ్చిన సరుకు అయితే దిగుమతి కాగితం ఎక్కడిదని అడగండి. నేను అడగలేదు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె రాసి ఇచ్చాడు. డ్రోన్‌ను ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేస్తే ఇచ్చే యూఐఎన్ నంబరు ఏదంటే, చిన్నదానికి అవసరం లేదని కొట్టిపారేశాడు.

"250 గ్రాముల లోపుదానికి ఏ రూలూ లేదన్నా." ఈ మాట సిటీలో చాలామంది నోట విన్నాను. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకు నానో డ్రోన్ అంటారు. దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అది నిజం. కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరేయొచ్చని కాదు. మన ఊరి సంగతి చూడండి. నడి మధ్యలో బేగంపేట, ఉత్తరాన హకీంపేట, అటు దుండిగల్, దక్షిణాన శంషాబాద్. నాలుగు దిక్కులా రన్‌వేలే. ఇవి కాక కంటోన్మెంటు, కంచన్‌బాగ్‌లో రక్షణ ల్యాబులు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల దాకా ఎత్తు మీదో, ఎగరేయడం మీదో ఆంక్షలున్నాయి. నిబంధన మీరితే లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. వీటికి తోడు పోలీసు కమిషనర్లు అప్పుడప్పుడు డ్రోన్ల మీద నిషేధ ఉత్తర్వులు ఇస్తుంటారు. గోల్కొండ, చార్మినార్ దగ్గరైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా లేపకూడదు. నాకు ట్రైనింగ్ ఇచ్చిన మేడ నుంచి బేగంపేట రన్‌వే ఎంత దూరమో తర్వాత కొలిచాను, నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. ఎగరేసే ప్రతిసారీ ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి. ఆకుపచ్చలో ఉన్నా 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటించొద్దు.

మరి నేర్చుకునేదెలా అంటే, అనుభవమున్న ఒక ఫొటోగ్రాఫర్ అన్న తర్వాత నాకు చెప్పిన పద్ధతి ఇది. పొద్దున్నే, గాలి లేనప్పుడు, చుట్టూ చెట్లూ తీగలూ లేని మట్టి నేల మీద చాప పరిచి దానిమీదనుంచి లేపాలి. హోమ్ పాయింట్ నమోదయ్యాకే మోటార్లు తిప్పాలి. మ్యాప్ మీద ఆ గుర్తు మీరు నిలబడ్డ చోటే ఉందా అని కళ్లతో చూసుకోవాలి. తిరిగొచ్చే ఎత్తును చుట్టూ ఉన్న ఎత్తైన చెట్టు కన్నా, టవర్ కన్నా పైకి పెట్టుకోవాలి. మొదటి నాలుగైదు రోజులు డ్రోన్ వీపు మన వైపే ఉండాలి, మనిషి ఎత్తుకు కాస్త పైన నిలిపి ఉంచడమే పని. తర్వాత దాని ముఖం మన వైపు తిప్పి నడపాలి. అప్పుడు కుడి ఎడమా తారుమారవుతాయి, కొత్తవాళ్లు ఎక్కువగా గుద్దేది అక్కడే. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే రిటర్న్ బటన్ ఒకసారి నొక్కి చూసుకోవాలి, మధ్యలో ఆపడమూ సాధన చేయాలి. 30 శాతం దగ్గర దింపేయాలి. మన ఊళ్లో గద్దలు ఎక్కువ. మీదికొస్తే కంగారుపడి కిందికి దింపొద్దు, నిలువుగా పైకి లేపాలి. నీళ్ల మీద మాత్రం బాగా చెయ్యి తిరిగేదాకా వద్దే వద్దు. కింద చూసే సెన్సర్లు నీటి మీద సరిగా పనిచేయవు.

ఇదంతా ఇరవై నిమిషాల్లో వచ్చేది కాదు. పనిగా చేయాలనుకునేవాళ్లకు బేగంపేటలోని తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ డ్రోన్ పైలట్ శిక్షణ ఇస్తోంది. సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి ఉండాలి.

దుకాణానికి ఫోన్ చేస్తే "నీళ్ల మీద ఎందుకు ఎగరేసినవన్నా, నీదే తప్పు" అని పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, మనం ఉండే చోటే వేయొచ్చు, రెండేళ్ల గడువుంది. నా దగ్గర సరైన బిల్లు లేదు. ఉన్నవల్లా ప్రకటన స్క్రీన్‌షాట్, యూపీఐ చెల్లింపు, "ట్రైనింగ్ మొత్తం మాదే అన్నా" అని అతను పంపిన వాయిస్ మెసేజ్, చెరువు మధ్యలో హోమ్ గుర్తున్న ఫ్లైట్ రికార్డు. ఇలాంటి చోటే కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు ఉంటే, కోపంలో ఆ చాట్ తుడిచేయకండి, యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయకండి. యాప్ తీసేస్తే ఫ్లైట్ రికార్డూ పోవచ్చు.