44 ఏళ్ల వాన సరే, 45వ ఏడు చేరిస్తే క్రాష్: మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ వాడి చూశాక

పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. వీధిలో బోర్డులు ఒడియాలో, ఇంట్లో మాట తెలుగులో, ల్యాబ్‌లో రెండూ. లెక్కలకు మేం వాడేది ఒక ఉచిత ఎరే భాష, అంటే అంకెల వరుసల (ఎరేల) మీద పనిచేసే ప్రోగ్రామింగ్ భాష. ఏపీఎల్ కుటుంబంలోది, కెనెత్ ఐవర్సన్ 1962లో బయటపెట్టిన సంకేతాల పద్ధతి నుంచి పుట్టింది. లూపులు రాసే పని లేదు. వరుస మొత్తాన్ని ఒక్క గుర్తుతో కూడొచ్చు, తిప్పొచ్చు, ఇంకో వరుసకి అంటించొచ్చు. లెక్క కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. నాకు చాలా ఇష్టమైన భాష. అందుకే అది పడిపోతుంటే అంత బాధ పడ్డాను.

మా పని వర్షపాతం. వాతావరణ శాఖ ఇచ్చే గ్రిడ్ డేటాలో మా ఊరికి దగ్గరి గడిని తీసుకుని, 1980 నుంచి రోజువారీ అంకెలు పెట్టుకున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి మనుషులు పోయారు. అలాంటి రోజు ఎన్నేళ్లకోసారి రావచ్చో పిల్లలు తమ చేతులతో లెక్కకట్టాలని నా కోరిక. దానికి డేటాలోంచి ముక్కలు తీసి మళ్లీ మళ్లీ పేర్చాలి. చివరి ముక్క తెగిపోకుండా ఉండాలని వరుసను దాని చివరే ఇంకోసారి అంటిస్తాం. ‘వానకి వాన చేర్చు’ అన్నట్టు ఒక్క చిన్న వాక్యం.

2024 అంకెలు చేర్చిన రోజు ఆ వాక్యం దగ్గరే సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంటే తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రాం పడిపోవడం. పాతపట్నం నుంచి నది దాటి వచ్చే మా ల్యాబ్ అబ్బాయి గంటసేపు కుస్తీ పట్టి, “ఏటో మేడం, 2024 తీసేస్తే నడుస్తంది” అన్నాడు. 2024ని ఉంచి 1980ని తీసేసినా నడిచింది. అంటే అంకెల్లో తప్పు లేదు, తేడా పొడవులో ఉంది. ఇంకో విచిత్రం, ఉదయం పడిపోయిన ప్రోగ్రాం మధ్యాహ్నం నడిచేది.

ముందు జీడీబీ పట్టుకున్నాను, ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో చూపించే డీబగ్గర్ అది. మెమరీ కాపీ చేసే ఫంక్షన్ దగ్గర ఆగి, చదవబోయిన అడ్రస్ అక్కడ లేదని చూపించింది. అది ఎందుకు లేదో, ఎవరు తీసేశారో జీడీబీ చెప్పలేదు. రెండు రాత్రులు పోయాయి.

ఆ తర్వాత అడ్రస్ శానిటైజర్‌కి వచ్చాను. గూగుల్ ఇంజనీర్లు చేసిన పరికరం. రాసిన కోడును నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలర్లలో, 2012లో క్లాంగ్‌లోకి, 2013లో జీసీసీలోకి చేరింది. విడిగా కొనేది లేదు, సీ కంపైలర్‌తోనే వస్తుంది. కంపైల్ చేసేటప్పుడు ఒక ఆప్షన్ చేర్చి, మా ఎరే భాషను నడిపే ప్రోగ్రాంని, అంటే ఇంటర్‌ప్రెటర్‌ని మళ్లీ కట్టుకోవాలి. నా పాత 4 జీబీ ల్యాప్‌టాప్‌లో టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

నడిపిన మొదటిసారే దొరికింది. ‘హీప్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అని ఎర్ర అక్షరాల్లో పడింది, అంటే ఫ్రీ చేసి వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం. కింద మూడు జాబితాలు. ఇప్పుడు ఎవరు చదవబోయారు, అంతకుముందు దాన్ని ఎవరు ఫ్రీ చేశారు, మొదట ఎవరు తెచ్చారు. ప్రతిదానికీ ఫైలు పేరు, లైను నంబరు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. చదివేవాడికి తెలిసేట్టు రాయడం మీద ఇక్కడివాళ్లకు పట్టింపు ఎక్కువే. ఆ పట్టింపుతో చదివినా ఈ రిపోర్టుకి వంక పెట్టలేను.

తప్పు ఇది. ఇంటర్‌ప్రెటర్ ప్రతి ఎరేకీ ‘దీన్ని ఎందరు పట్టుకున్నారు’ అని ఒక అంకె ఉంచుతుంది. అది 1 అయితే కాపీ తీయకుండా, ఉన్న ఎరేనే రియలాక్‌తో (మెమరీ ముక్క సైజు మార్చే ఫంక్షన్) పెంచి చివర అంటిస్తుంది. కుడి నుంచి మొదలుపెడుతుంది కాబట్టి మా వాక్యంలో కుడిపక్క ‘వాన’ను ముందే చేతిలోకి తీసుకుంది, కానీ అంకె పెంచలేదు. పట్టుకున్న చేతులు రెండు, లెక్కలో ఒకటే. ఎడమపక్క ఎరేను పెంచేసరికి అది వేరే చోటికి వెళ్లిపోయింది. కుడి చేతిలో పాత అడ్రస్ మిగిలింది.

మరి 44 ఏళ్లకు ఎలా నడిచింది? ప్రోగ్రాంలకు మెమరీ పంచేది లినక్స్‌లో మామూలుగా ఉండే గ్లిబ్‌సీ లైబ్రరీ. అది 128 కిలోబైట్లు, అంటే 1,31,072 బైట్లు దాటిన ముక్కను నేరుగా కెర్నెల్ (లినక్స్ మూల ప్రోగ్రాం) దగ్గర తెస్తుంది. మా ఒక్కో అంకెకు 8 బైట్లు. 44 ఏళ్లంటే 16,071 రోజులు, 1,28,568 బైట్లు. గీతకు ఇవతలే ఉంది. ఫ్రీ అయినా ఆ చోటు ఇంకా చదవడానికి వీలుగానే ఉంటుంది, పాత అంకెలూ మామూలుగా అక్కడే ఉంటాయి. 45 ఏళ్లంటే 16,437 రోజులు, 1,31,496 బైట్లు. గీత దాటింది. పెంచేటప్పుడు కెర్నెల్ దాన్ని వేరే చోటికి మారిస్తే పాత అడ్రస్ మాయం, వెంటనే క్రాష్. పైగా అలాంటి పెద్ద ముక్క ఒకటి ఫ్రీ అయ్యాక గ్లిబ్‌సీ ఆ గీతనే పైకి జరుపుతుంది. అదే సెషన్‌లో ముందుగా వేరే పెద్ద లెక్క చేసిన మధ్యాహ్నాల్లో మా ప్రోగ్రాం అందుకే బతికిపోయింది.

అడ్రస్ శానిటైజర్ దగ్గర ఈ అదృష్టం పనిచేయదు. దాని రియలాక్ ఎప్పుడూ కొత్త చోటే ఇస్తుంది. పాత చోటికి ముట్టుకోకూడదని గుర్తు పెట్టి కొంతకాలం పక్కన ఉంచుతుంది. ఇన్నాళ్లూ హాయిగా నడిచిన 44 ఏళ్ల డేటా పెట్టి చూస్తే, దాన్నీ అదే లైను దగ్గర ఆపేసింది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. అంతవరకు బోర్డు మీద రాసిన ఫలితాలన్నీ కాలం కలిసొచ్చి సరైనవి. వారం రోజులు కూర్చుని పాతవన్నీ మళ్లీ లెక్క కట్టాం. ఒక్క అంకె కూడా మారలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. మెమరీ బాగా తింటుంది, నా ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ మూసేయాల్సి వచ్చింది. వేగం దాదాపు సగానికి పడుతుంది. సోర్స్ లేకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని మళ్లీ కట్టలేం. అలాంటప్పుడు వాల్‌గ్రైండ్ అనే ఇంకో మెమరీ పరీక్షకుణ్ని వాడాలి, అది ఉన్న ప్రోగ్రాంనే నడుపుతుంది కానీ 20, 30 రెట్లు నెమ్మది. విలువ పెట్టకుండానే చదివిన మెమరీని వాల్‌గ్రైండ్ పట్టుకుంటుంది, అడ్రస్ శానిటైజర్ పట్టుకోదు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి. ఎరే ఇంటర్‌ప్రెటర్లు చిన్న ఎరేల కోసం సొంత మెమరీ పూల్ (ముందే తెచ్చి పెట్టుకున్న మెమరీ నిల్వ) పెట్టుకోవడం మామూలే, ఆ పూల్ లోపల జరిగేది అడ్రస్ శానిటైజర్‌కి కనపడదు. మూడే అంకెలున్న ఎరేతో అదే వాక్యం రాస్తే చడీచప్పుడు లేదు. ఇంటర్‌ప్రెటర్‌ని ఎలా కట్టాలో చెప్పే మేక్‌ఫైల్‌లో పూల్ ఆపేసి మళ్లీ కడితే అప్పుడు పట్టింది. మీరు వాడబోతే ముందు ఆ పని చేయండి.

దిద్దుబాటు ఒక్క లైను. కుడిపక్క ఎరే తీసుకోగానే అంకె పెంచడం, అంతే. ఆ చిన్న ఎరే ఉదాహరణ జత చేసి తయారీదారులకు పంపితే రెండో రోజుకే కలుపుకున్నారు. మా ల్యాబ్ అబ్బాయి అడ్రస్ శానిటైజర్ రిపోర్టు ప్రింటు తీసి మూడు జాబితాలకు మూడు రంగులు వేసి ల్యాబ్ గోడకు అంటించాడు.

2025 కూడా చేర్చాం. 16,802 రోజులు. నడుస్తోంది.