1971 ఎంజీబీ రోడ్‌స్టర్: తుప్పుతో కొని, తొమ్మిది వేసవులు నడిపి, అమ్మిన తరువాత

ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్‌కు గంటన్నర దూరంలోని ఒక పొలం కొట్టంలో పదహారేళ్లుగా కదలకుండా పడి ఉన్న 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్‌ను, అంటే ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన, టాపు తీయగల రెండు సీట్ల కారును, 2013 అక్టోబరులో 3,200 డాలర్లకు కొన్నాను. 2015 జూన్‌లో దానిని రోడ్డెక్కించి, ఆ తరువాతి తొమ్మిది వేసవులలో దాదాపు 21,000 మైళ్లు నడిపి, 2024 ఏప్రిల్‌లో 12,500 డాలర్లకు అమ్మాను. నడుమ దానిమీద పెట్టిన ఖర్చు 15,500 డాలర్లు. బీమా, పెట్రోలు వదిలేసినా 6,200 డాలర్లు నష్టపోయినట్టే. కారును కొన్నందుకు నాకు విచారం లేదు. కొన్న తీరు విషయంలో మాత్రం ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ కారునే ఎంచుకోవడానికి కారణం మా ఇంటి అంబాసిడర్. విజయవాడలో మా నాన్నగారు చాలా ఏళ్లు నడిపిన ఆ పెట్రోలు బండిలోని 1489 సీసీ ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. నాన్నగారు 2016లో మా దగ్గరకు వచ్చినప్పుడు నేను బోనెట్ ఎత్తగానే, ఎవరూ చూపకుండానే ఆయిల్ కొలిచే పుల్ల లాగి తుడిచి, వాల్వులను కదిపే ట్యాపెట్ల చప్పుడు కాసేపు విని, ఒకటి కొద్దిగా వదులుగా ఉందని చెప్పారు. ఆ సాయంత్రం కొలిచి చూస్తే ఆయన మాట నిజమే.

ఎంజీబీని ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారుచేశారు. రోడ్‌స్టర్, గట్టి పైకప్పు ఉన్న జీటీ రెండూ కలిపి 5 లక్షలకు పైగా వచ్చాయి, వాటిలో పెద్ద భాగం అమెరికాకే చేరింది. అందువల్ల దీనికి దొరకని విడిభాగం దాదాపు లేదు. 1948 నుంచీ బ్రిటిష్ కార్ల విడిభాగాలు అమ్ముతున్న కాలిఫోర్నియాలోని మాస్ మోటార్స్ కేటలాగులో చిన్న స్క్రూ కూడా బొమ్మతో సహా ఉంటుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు పాత అచ్చులనే వాడి 1988 నుంచి కొత్త బాడీలు కూడా చేశారు. పాత కారు మీద మొదటిసారి చేయి వేసేవారికి ఇది నిజంగా పెద్ద అండ. అయితే భాగాలన్నీ దొరుకుతాయన్న ధీమాతోనే నేను అసలు చూడవలసిన చోటు సరిగా చూడలేదు.

పైకప్పు ఉన్న కారులో బాడీ బిగువులో కొంత ఆ కప్పుదీ, దానిని మోసే స్తంభాలదీ. టాపు తీసేసే కారులో ఆ భారం చాలావరకు తలుపుల కింద, ముందు చక్రం వెనుక నుంచి వెనుక చక్రం దాకా సాగే సిల్స్ మీద పడుతుంది. ఎంజీబీకి విడిగా ఛాసీ లేదు. దాని సిల్ అంటే లోపలి రేకు, నడుమ నిలువు రేకు, కింద క్యాజిల్ రైల్ అనే పట్టీ, బయటి రేకు కలిసిన ఒక పెట్టె. ఒహాయోలో చలికాలమంతా రోడ్ల మీద చల్లే ఉప్పు బురదతో కలిసి ఆ పెట్టెలోకి చేరి, లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది. బయటికి బొబ్బ కనిపించేనాటికి లోపల మిగిలేది తక్కువ.

నేను చూడడానికి వెళ్లిన రోజున ఇంజను చేత్తో తిరిగింది, రంగు పరవాలేదనిపించింది, టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, అమ్మే పెద్దాయన పేరు మీదే ఉంది, దాని మీది నంబరు కారు పలక మీది నంబరుతో కలిసింది. అంతకు ముందు టైటిల్ లేదన్న ఒకే కారణంతో ఇంకొక కారును వదులుకున్నాను, ఆ పని ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. కానీ సిల్ మీద వేలితో తట్టి, గట్టిగానే ఉందనుకుని బేరం ముగించాను. ఇంటికి తెచ్చి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పుట్టీ పెచ్చులుగా ఊడింది. కుళ్లిన రేకును కోయకుండా దాని మీదే ఎవరో కొత్త రేకు అతికి, పుట్టీ మెత్తి, రంగు కొట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న మాటకు ఇంతకంటే సరిగా అమరే వస్తువును నేను చూడలేదు.

చూడవలసిన పద్ధతి చాలా సులువు. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ పొడవునా జరపాలి, అది ఎక్కడ అంటకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. తలుపు మూసి, వెనుక అంచు దగ్గరి సందు పై నుంచి కింది వరకు ఒకే వెడల్పులో ఉందేమో చూడాలి. పైన ఇరుకై, కింద వెడల్పైతే కారు నడుమ కుంగిందన్నమాట. ఆపైన సిల్ కింద జాకీ పెట్టి మెల్లగా లేపుతూ ఆ సందునే గమనించాలి. అది మారినా, తలుపు తెరుచుకోక పట్టేసినా, జాకీ పెట్టిన చోట రేకు కరకరమన్నా, ఆ కారు ధర ఎంత తక్కువైనా ఎక్కువే.

వెల్డింగ్‌కు 6,800 డాలర్లు అయ్యాయి. నాలుగు నెలలన్న పని పద్నాలుగు నెలలు సాగింది. ఆలస్యం కన్నా నన్ను బాధించింది మరొకటి. తలుపులు బిగించి, సందులు కొలుచుకుంటూ సిల్ అతకాలని ముందే చెప్పినా, ఎడమ వైపు సిల్‌ను వెల్డింగ్ చేసేవారు తలుపు తీసి పెట్టి అతికారు. తలుపు కూర్చోకపోయేసరికి మళ్లీ కోసి అతకవలసి వచ్చింది. ప్రతి శనివారం వెళ్లి ఫొటోలు తీయకపోతే నాకది తెలిసేది కాదు.

మిగిలిన వాటిలో రంగుకు 4,200, సిలిండర్ హెడ్డుకు 1,300, బ్రేకులకు 900, సీట్లకూ కొత్త టాపుకూ కలిపి 1,500, పెట్రోలు ట్యాంకు, పంపు, గొట్టాలు, టైర్లకు 800 డాలర్లు పట్టాయి. హెడ్డు విప్పినప్పుడే సీసం లేని పెట్రోలును తట్టుకునే గట్టి వాల్వ్ సీట్లు వేయించాను. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరును మెత్తబరుస్తుంది కనుక గొట్టాలన్నీ మార్చక తప్పలేదు. కొత్త టాపును ఎండ బాగా కాసిన రోజునే బిగించాలి, చలిలో వినైల్ సాగదు, ఎంత లాగినా కొక్కేల దాకా రాదు.

నడపడం గురించి చెప్పాలంటే, గంటకు 45 మైళ్ల వేగంతో మొక్కజొన్న చేల నడుమ, ఆగస్టు సాయంత్రం, టాపు తీసి వెళ్తున్నప్పుడు నాకు ఇంకే కారూ అక్కరలేదనిపించేది. గేర్లు పొట్టిగా, ఖచ్చితంగా పడతాయి, స్టీరింగ్ బరువైనా రోడ్డును చేతికి తెలియజేస్తుంది. హైవే మాత్రం దీని చోటు కాదు. నా కారుకు ఓవర్‌డ్రైవ్, అంటే వేగంలో ఇంజను చుట్లను తగ్గించే అదనపు గేరు, లేదు కాబట్టి 65 మైళ్ల వేగంలో ఇంజను నిమిషానికి దాదాపు 3,600 చుట్లు తిరిగేది, గంట దాటితే చెవులు అలసిపోయేవి. వాన వస్తే టాపు మూలల నుంచి మోకాళ్ల మీద నీళ్లు పడతాయి, కొత్త రబ్బర్లు వేసినా పూర్తిగా ఆగలేదు. తాళం తిప్పగానే వెనుక నుంచి టకటకమనే పెట్రోలు పంపు కొన్ని క్షణాలలో నెమ్మదించాలి. నిమ్మళించకపోతే ఎక్కడో కారుతోందని గానీ, గాలి పీలుస్తోందని గానీ అర్థం. తొమ్మిదేళ్లలో రెండుసార్లు దారిలో ఆగాను, రెండుసార్లూ విద్యుత్ తీగలు కలిసే చోట చేరిన తుప్పే కారణం. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌లనే కడ్డీలకు ప్రతి 3,000 మైళ్లకు గ్రీజు పట్టించాలి. ఈ పనిని మరిచిపోయేవారు ఈ కారు జోలికి పోవద్దు, అరిగిన కింగ్‌పిన్ మార్చడం ఖరీదైన వ్యవహారం.

మళ్లీ కొనవలసి వస్తే అరిజోనా నుంచో, దక్షిణ కాలిఫోర్నియా నుంచో ట్రక్కు మీద తెప్పించుకుంటాను. అక్కడి ఎండకు డాష్‌బోర్డు పగులుతుంది, సీట్లు చీలుతాయి, టాపు పెళుసెక్కుతుంది. అవన్నీ కొని, ఇంట్లోనే బిగించుకోగల వస్తువులు. కుళ్లిన సిల్ అలాంటిది కాదు.

అమ్మకానికి పెట్టడానికి రెండేళ్లు మనసొప్పలేదు. మోకాలి నొప్పి వల్ల క్లచ్ తొక్కడం కష్టమయ్యాక 2023 నవంబరులో ప్రకటన ఇస్తే తక్కువ ధరకు అడిగేవారే వచ్చారు. మంచు కురిసే చోట టాపు లేని కారును చలికాలంలో అమ్మకూడదని అప్పుడు అర్థమై, ఏప్రిల్ దాకా ఆగాను. రెండో ప్రకటనలో కారు మెరిసే ఫొటోలు మూడే పెట్టి, కోసిన సిల్స్, లోపలి రేకులు, వెల్డింగ్ దశలు చూపే ఫొటోలు నలభై పెట్టాను. రెండో గేరు అప్పుడప్పుడు గీరుకుంటుందనీ, హీటర్ సరిగా పనిచేయదనీ, వెనుక బంపర్ క్రోము అక్కడక్కడ లేచిందనీ రాశాను. బేరమాడేవారు తగ్గారు, నిజంగా కొనేవారు ముగ్గురు మిగిలారు.

కెంటకీ నుంచి వచ్చిన ఒకాయన రంగు వైపు చూడకుండా, నేల మీద అట్ట పరుచుకుని, టార్చితో కారు కిందకు దూరి ఇరవై నిమిషాలు ఉన్నారు. లేచి, తలుపు సందులో రెండు వేళ్లు పెట్టి పై నుంచి కిందికి జరిపారు. ఆయనే కొంటారని నాకు అప్పుడే తెలిసింది. ఒహాయోలో టైటిల్ మీద అమ్మేవారి సంతకం నోటరీ ఎదుట జరగాలి కనుక ఇద్దరం ఆయన బ్యాంకు శాఖకే వెళ్లి, చెక్కు అక్కడే ఖరారు చేసుకుని, అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టాను. తాళాలతో పాటు వెల్డింగ్ ఫొటోల ఫైలును, తొమ్మిదేళ్ల రసీదులను, నా గ్రీజు గన్నును ఆయనకిచ్చాను. కింగ్‌పిన్‌లకు మార్చిలోనే గ్రీజు పట్టించానని, ఆ రోజు ఓడోమీటర్ అంకెతో సహా ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టాను.