ఒహాయోలోని ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో నాలుగేళ్ల బయాలజీ చదువు: నా సమీక్ష

గుంటూరులో బైపీసీ పూర్తిచేసి, అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మొత్తం రెండు వేల మంది విద్యార్థులు కూడా లేని ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో బయాలజీ ప్రధానాంశంగా నాలుగేళ్లు చదివి వచ్చాను. నేను చెప్పదలచినది ఆ తరహా చదువు గురించి, అందులోని లోపాలతో సహా, కనుక కాలేజీ పేరు రాయడం లేదు.

"ఆర్ట్స్ కాలేజీలో సైన్సు ఏమిటమ్మా?" అని ఇంటికి వచ్చిన బంధువుల్లో చాలామంది అడిగారు గనుక ముందు ఆ సందేహం తీరుస్తాను. మన దగ్గర ఆర్ట్స్ గ్రూపు అంటే సైన్సు కానిది. అక్కడ ఆ మాటకు అర్థం వేరు: లిబరల్ ఆర్ట్స్ అంటే ఒక ప్రధానాంశంతో పాటు సైన్సు, చరిత్ర, భాషల వంటివన్నీ కలిపి చదివించే విద్య. గణితం, ఖగోళశాస్త్రం మధ్యయుగాల నుంచే అందులో భాగం, ప్రకృతి శాస్త్రాలు ఆ తర్వాత వచ్చి చేరాయి. ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమును ఎవరికి వారు కనుగొని 1975లో నోబెల్ అందుకున్న హొవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఇద్దరూ స్వార్త్‌మోర్ కాలేజీలో డిగ్రీ చదివినవారే. ఆర్ఎన్ఏ కూడా ఎంజైములా పనిచేయగలదని చూపి 1989లో నోబెల్ పొందిన థామస్ చెక్ గ్రిన్నెల్ కాలేజీ విద్యార్థి. జన్యువులను కోసి మార్చే క్రిస్పర్ పద్ధతిపై పరిశోధనకు 2020లో నోబెల్ పొందిన జెన్నిఫర్ డౌడ్నా పొమోనా కాలేజీలో చదివారు. ఈ మూడూ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలే.

ఈ చదువులో అసలు విలువ ల్యాబులో ఉంది. బయాలజీలో పీహెచ్‌డీ విద్యార్థులు లేని కాలేజీ కాబట్టి, పెద్ద విశ్వవిద్యాలయాల్లో వాళ్లు చూసుకునే ల్యాబు క్లాసులను మాకు ప్రొఫెసర్లే స్వయంగా నడిపేవారు. ఇంటర్లో మేము చేసిన ప్రాక్టికల్స్ అంటే స్పాటర్లు (బల్ల మీద పెట్టిన నమూనాలు) గుర్తుపట్టడం, ద్విదళబీజ కాండం అడ్డుకోత గీయడం, రికార్డు నింపి సంతకం చేయించుకోవడం. ఫలితం ఏమి రావాలో మాకు ముందే తెలుసు. అక్కడ రెండో ఏడాది జన్యుశాస్త్రం ల్యాబు మొదటి రోజున పదహారు మందిమి ఉన్నాము. ప్రొఫెసర్ ఒక్కొక్కరి చేతిలో డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగలున్న సీసా పెట్టి, "వీటిని చూసి నీకు ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడిగి ఊరుకున్నారు. నాకు మాట రాలేదు.

నేను తెల్లకళ్ల ఆడ ఈగలను ఎర్రకళ్ల మగ ఈగలతో సంకరణం చేశాను. తెల్లకన్ను జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి, కొడుకులందరికీ తెల్లకళ్లు, కూతుళ్లందరికీ ఎర్రకళ్లు రావాలి. సీనియర్ ఇంటర్ జువాలజీలో ఈ ఫలితాన్ని చూపే గళ్ల పట్టిక గీసి పూర్తి మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ ఈ సంకరణానికి ఆడ ఈగలు ఇంకా జతకట్టనివై ఉండాలి. ఇరవై అయిదు డిగ్రీల వేడిలో ప్యూపా నుంచి బయటికి వచ్చిన ఎనిమిది గంటల లోపే వాటిని మగ ఈగల నుంచి వేరుచేయాలి. అందుకని తెల్లవారుజామున మంచులో నడిచి ల్యాబుకు వెళ్లేదాన్ని. కార్బన్ డయాక్సైడ్‌తో ఈగలకు మత్తు ఇచ్చి, మైక్రోస్కోపు కింద సన్నని కుంచెతో ఒక్కొక్కదాన్ని తిప్పి చూసేదాన్ని. అప్పుడే పుట్టిన ఈగ ఒళ్లు పాలిపోయి ఉంటుంది, పొట్టలో ఒక నల్లని మచ్చ చర్మం లోంచి కనిపిస్తుంది.

పిల్ల ఈగలు వచ్చాక లెక్కపెడితే, కూతుళ్లలో దాదాపు మూడో వంతుకు తెల్లకళ్లు ఉన్నాయి. మూడు వారాల పని వృథా అయిందని ఏడుపు వచ్చింది. ప్రొఫెసర్ మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, అటువంటి కూతురు పుట్టడానికి ఎన్ని దారులున్నాయో రాయమన్నారు. క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం ఒక దారి. జన్యుశాస్త్రవేత్త కాల్విన్ బ్రిడ్జెస్ 1916లో ప్రచురించిన పని ఇటువంటి అరుదైన కూతుళ్ల మీదనే. కానీ నా సీసాలో అవి అరుదు కాదు కదా. చివరికి, ఒక ఉదయం నేను ఆలస్యంగా వెళ్లానని, ఆ ఆడ ఈగలు అప్పటికే అదే సీసాలోని తెల్లకళ్ల మగ ఈగలతో జతకట్టేశాయని నా లెక్కల నుంచే నాకు తెలిసింది. ఆ గంటసేపు ప్రొఫెసర్ ఒక్క జవాబు కూడా చెప్పలేదు. నాలుగేళ్లలో నాకు అత్యంత విలువైన పాఠం అదే.

మొత్తం 32 కోర్సుల్లో బయాలజీ, దానికి తోడైన కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ కలిపి సగం వరకు ఉంటాయి. మిగతావి చరిత్ర, తత్త్వశాస్త్రం, భాషల వంటివి. వీటి వల్ల నా రాత బాగుపడింది.

లోపాలు కూడా ఉన్నాయి, చిన్నవి కావు. విభాగంలో ప్రొఫెసర్లు కొద్దిమందే కావడంతో పైస్థాయి కోర్సులు కొన్ని రెండేళ్లకు ఒకసారే వస్తాయి. నేను ఎంతో ఆశపడిన ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం), ఆ ప్రొఫెసర్ పరిశోధన సెలవులో ఉండటం వల్ల నా చివరి రెండేళ్లలో పెట్టనే లేదు. చేరేటప్పుడు ఇచ్చిన పుస్తకంలో ఆ కోర్సు పేరు ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఖరీదైన పరికరాలు కూడా పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఉన్నన్ని ఉండవు.

మా నాన్నగారిలాగే ఎందరో తల్లిదండ్రులు దీన్ని డాక్టరు చదువుకు దారి అనుకుంటారు. అమెరికాలో వైద్యం చదవాలంటే ముందు డిగ్రీ పూర్తిచేసి, ఆ తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూలుకు వెళ్లాలి. పైగా అక్కడి మెడికల్ స్కూళ్లలో చాలా వాటిలో విదేశీ విద్యార్థులకు ప్రవేశమే లేదు. మన దేశంలో ఎంబీబీఎస్ చేయాలనుకుంటే నీట్ రాయక తప్పదు. కాబట్టి డాక్టరు కావాలన్న కోరికతో ఈ చదువుకు వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

ఖర్చు మాటకొస్తే, పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలా వాటిలో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది. ఆర్థిక సహాయం లేకుండా మధ్యతరగతి కుటుంబం అప్పుచేసి అంత కట్టడం నాకు సమ్మతం కాదు. ఆమ్హర్స్ట్, బౌడిన్ వంటి కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థులను ఎంపిక చేసేటప్పుడు కుటుంబ ఆర్థిక స్థితిని చూడవు, చేరినవారి అవసరానికి తగిన సహాయం చేస్తాయి. అయితే అక్కడ సీటు దొరకడం చాలా కష్టం. మన దేశంలోనే సోనీపత్‌లోని అశోకా, తిరుపతి జిల్లా శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయాల్లో ఇదే తరహాలో బయాలజీ చదవవచ్చు.

మా పిన్ని కూతురు ఇప్పుడు సీనియర్ ఇంటర్ బైపీసీ చదువుతోంది. ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టినా, గత మూడేళ్లలో నిజంగా పాఠం చెప్పిన బయాలజీ కోర్సుల జాబితా, ల్యాబు ఎవరు నడుపుతారు, వేసవి పరిశోధనలో విదేశీ విద్యార్థులకు జీతం ఇస్తారా అన్న మూడు సంగతులూ నేరుగా విభాగాన్నే అడగమని దానికి చెప్పాను. రెండు కాలేజీలకు రాసింది. ఒక చోటి నుంచి నాలుగు రోజుల్లోనే ఒక ప్రొఫెసర్ స్వయంగా జాబితా పంపి, నీకు ఏ జీవి మీద ఆసక్తి అని అడిగారు. మా చెల్లి ఇప్పుడు వాళ్ల పెరట్లోని బొప్పాయి చెట్టుకు పట్టిన పిండినల్లి గురించి జవాబు రాస్తోంది.