షాపు మానేసి ఇంట్లోనే కుక్క కత్తిరింపు: మూడేళ్లు వాడిన ట్రిమ్మర్ సంగతి

మా కుక్క జున్ను షిట్జు జాతిది. దీని జుట్టు మన జుట్టులాగే పెరుగుతూ పోతుంది కాబట్టి నెలన్నరకోసారి కత్తిరింపు తప్పదు. 2022లో మల్కాజిగిరిలో మా ఇంటి దగ్గర షాపులో ఒక్కోసారికి 1,200 తీసుకునేవాళ్లు. "నాకంటే దీని సెలూన్ ఖర్చే ఎక్కువ" అని మా ఆయన సణుగుతున్నా పట్టించుకోలేదు. ఒకసారి మాత్రం చంకలో కోతతో ఇంటికొచ్చింది. షాపువాళ్లు మాటమాత్రం చెప్పలేదు, రాత్రి నిమురుతుంటే చేతికి తడి తగిలింది. మర్నాడే 1,900 పెట్టి కుక్కల ట్రిమ్మర్ ఆర్డర్ చేశాను. చార్జింగ్‌ది, వైరు లేనిది, 3 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా నాలుగు ప్లాస్టిక్ దువ్వెనలు తగిలించుకునేది. ఇవే మిషన్లు పది పేర్లతో దొరుకుతున్నాయి, పేరుకి పెద్ద విలువ లేదు.

మొదటి ఆదివారం బాల్కనీలో పాత చాప వేసి కూర్చోబెట్టాను. మా అత్తయ్య గరిటెతో పెరుగు నాకిస్తూ ముందు కూర్చున్నారు. మిషన్ ఆన్ చేసి ఊరికే చేతిలో పట్టుకున్నాను, చప్పుడు అలవాటు కావాలని. డబ్బా మీద రాసినట్టే నిజంగా మెత్తటి చప్పుడు. కానీ వీపు మీద నాలుగు వేళ్ల మేర వెళ్లిందో లేదో, దువ్వెన పళ్లలో జుట్టు ఇరుక్కుని ఆగిపోయింది. మళ్లీ నెట్టాను, జున్ను కుయ్యిమంది. తప్పు మిషన్‌ది కాదు. ముందురోజు చిక్కు తీయకుండా స్నానం చేయించాను. చిక్కు తడిస్తే ఆరేసరికి గట్టిపడి తలకిందులు చేసినా విడిపోదని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి వరస మారింది. ముందు సన్నటి తీగల పళ్లుండే స్లిక్కర్ బ్రష్, తర్వాత స్టీలు దువ్వెన. చెవుల వెనక, చంకల్లో, తోక మొదట్లో దువ్వెన చర్మం దాకా ఆగకుండా దిగాలి. ఆ తర్వాతే స్నానం, పూర్తిగా ఆరాక ట్రిమ్మర్. మొత్తం రెండు గంటల్లో ట్రిమ్మర్ చేతిలో ఉండేది ఇరవై నిమిషాలు. దాని పక్కన 150 పెట్టి కొన్న స్టీలు దువ్వెనే ఎక్కువ పనిచేస్తుందంటే నవ్వుతారు గానీ, మా ఇంట్లో జరిగేది అదే.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా బోరు నీళ్లలో షాంపూ నురగ రాదు, వచ్చింది పోదు, ఆరాక జుట్టు పీచులా నిలబడుతుంది. అందుకే నల్లా వచ్చే రోజు చూసుకుని స్నానం పెడతాను. ఆ నీళ్లు ఏ నదివైనా మా ఇంట్లో వాటి పేరు మంజీరా నీళ్లే. షాంపూ కుక్కలదే వాడాలి. వాటి చర్మంలో ఆమ్లగుణం మనకంటే తక్కువ, మన షాంపూకి దురద పుట్టొచ్చు.

ఇక మిషన్ లోపాలు. పదిహేను నిమిషాలు ఆపకుండా నడిపితే బ్లేడు వేడెక్కుతుంది. మొదటి వేసవిలో అది గమనించక పొట్ట కింద చర్మం ఎర్రగా కందిపోయేలా చేశాను. ఇప్పుడు ప్రతి ఐదు నిమిషాలకోసారి బ్లేడు నా మణికట్టు లోపలివైపు ఆనించి చూస్తాను, చురుక్కుమంటే ఆపేస్తాను. బ్లేడులో కదిలే పన్ను సిరామిక్‌ది, ఒకసారి టైల్స్ మీద జారిపడి అంచు ఊడింది. విడి బ్లేడు కోసం కంపెనీ నెల తిప్పింది. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయడం మర్చిపోతే చప్పుడు పెరుగుతుంది, జున్ను మంచం కిందికి దూరుతుంది.

రెండేళ్లకు చార్జింగ్ పావుగంటకే అయిపోతోంది. పారేద్దామనుకున్నాం. కోఠిలో గుజరాతీ గల్లీకి తీసుకెళ్తే రిపేరు కుర్రాడు విప్పి, "మేడమ్, పవర్ బ్యాంకుల్లో ఉండే సెల్లే ఇది" అని 250కి మార్చి ఇచ్చాడు. ఇప్పుడు మళ్లీ గంట నడుస్తోంది.

గోళ్లు మాత్రం వేరే కథ. తెల్ల గోళ్లలో గులాబీ రంగు రక్తనాళం కనిపిస్తుంది. జున్నుకి రెండు పాదాల్లో నల్ల గోళ్లు, ఎక్కడిదాకా కోయాలో తెలీదు. ఒకసారి ఎక్కువ కోసేశాను. టైల్స్ మీద రక్తం చుక్కలు, అత్తయ్య కేకలు, నా చేతుల వణుకు. పసుపు అద్దితే ఆగలేదు. కార్న్‌ఫ్లోర్ గోరు కొనకి అద్ది కాసేపు గట్టిగా పట్టుకుంటే ఆగింది. ఇప్పుడు కొంచెం కొంచెంగా కోస్తూ, కోసిన చోట మధ్యలో నల్లచుక్క కనబడగానే ఆపేస్తాను.

వేసవిలో చాలామంది గుండు గీయిస్తున్నారు. నేను 9 మిల్లీమీటర్ల కంటే తగ్గించను, జుట్టు లేని చర్మం ఎండకు కాలుతుంది. ఎదురు ఫ్లాట్ ఆంటీ తన లాబ్రడార్‌కి గీసిపెట్టమని అడిగితే కుదరదన్నాను. వాటికి పైజుట్టు కింద మెత్తటి రెండో పొర ఉంటుంది, ఎండ నుంచి కూడా ఆ రెండు పొరలే కాపాడతాయి, గీసేస్తే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

పొట్టి జుట్టుతో నాకు దొరికిన అసలు లాభం వానాకాలంలో. వేళ్ల సందుల్లో, చెవుల్లో గోమార్లు వెంటనే కనిపిస్తాయి. అలాగని డాక్టరు ఇచ్చే గోమార్ల మందు మానలేదు.

ముఖం మాత్రం ఇప్పటికీ నాకు రాదు. గుండ్రటి మొన కత్తెరతో కళ్ల ముందు వెంట్రుకలు కత్తిరించి వదిలేస్తాను. ఫోటోల్లో ఒక చెవి ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. దసరాకి చుట్టాలొస్తారు కాబట్టి ఏడాదికొకసారి వేరే షాపుకి తీసుకెళ్తున్నాం, అక్కడ కత్తిరించినంతసేపూ నేను పక్కనే నిలబడతాను.