హార్ట్‌లాండ్ ఫ్లయర్: గార్డు బాపుతో ఫోర్ట్‌వర్త్ నుంచి ఓక్లహోమా సిటీ దాకా

మా బాపు కాజీపేటలో గూడ్స్ గార్డుగా మొదలుపెట్టి ఎక్స్‌ప్రెస్ బండ్ల గార్డుగా రిటైరయ్యారు. 2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు కానీ బాపుకు అది ఇప్పటికీ మింగుడుపడలేదు. "మేనేజరంటే బ్యాంకుల కూసుంటడు, బ్రేక్‌వ్యాన్‌ల కాదు" అంటారు. అలాంటి మనిషి టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చి రెండు నెలలైనా రైలు ముఖం చూడలేదు. రాత్రిపూట ఎక్కడో గూడ్స్ హారన్ వినిపిస్తే బాల్కనీలోకి వెళ్లి నిలబడేవారు. అది చూడలేక 2025 అక్టోబర్‌లో ఒక శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి అమ్మనూ బాపునూ హార్ట్‌లాండ్ ఫ్లయర్ ఎక్కించాను. డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో ఈ రైలు సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఓక్లహోమా అంటే మనకు టర్నర్ ఫాల్స్ జలపాతం, అదీ కారు డిక్కీలో పులిహోర గిన్నె పెట్టుకుని ఐ-35 హైవే మీద. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది అమెరికా జాతీయ ప్యాసింజర్ రైలు సంస్థ ఆమ్‌ట్రాక్ నడిపే బండి. ఫోర్ట్‌వర్త్ నుంచి ఓక్లహోమా సిటీకి 206 మైళ్లు, మన లెక్కలో 330 కిలోమీటర్ల పైచిలుకు. రోజుకు ఒక్కటే. పొద్దున 8:25కి ఓక్లహోమా సిటీలో బయల్దేరి పన్నెండున్నర ప్రాంతంలో ఫోర్ట్‌వర్త్ వస్తుంది. సాయంత్రం 5:25కి వెనుదిరిగి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరుతుంది. టైమింగంతా ఓక్లహోమా వాళ్లకే అనుకూలం. వాళ్లు పొద్దున వచ్చి, పని చూసుకుని సాయంత్రానికి వెళ్లిపోవచ్చు. మనకు మాత్రం ఊరు చూడాలంటే అక్కడ రెండు రాత్రుళ్ల బస తప్పదు. టికెట్ మనిషికి 31 డాలర్లు పడింది. 65 దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు ఉంది, బుక్ చేసేటప్పుడు సీనియర్ అని పెట్టడం మర్చిపోవద్దు.

ఇర్వింగ్ నుంచి టీఆర్ఈ లోకల్ రైలులో వెళ్తే ఫోర్ట్‌వర్త్ సెంట్రల్ స్టేషన్‌లోనే దిగుతాం, ప్లాట్‌ఫారం మారితే చాలు. మేము గంట ముందే చేరాం. ఎందుకంటే బాపుకు బండి చుట్టూ ఒక రౌండు వేయాలి. చివరి బోగీ దాకా నడిచి వెళ్లి, వెనకాల చూసి, "ఎల్‌వీ బోర్డు లేదేందే?" అన్నారు. మన దగ్గర బండికి చివరి బోగీ ఇదేనని చెప్పే ఆ పసుపు బోర్డు లేకపోతే, వెనకాల బోగీలు తెగిపోయాయేమోనని స్టేషన్ మాస్టర్‌కు గుండె ఆగినంత పనవుతుంది. ఇక్కడ ఎర్ర లైట్లే గుర్తు అని చెప్పాను. తల ఊపారు కానీ తృప్తి కలగలేదని ముఖంలోనే తెలిసిపోయింది.

ప్లాట్‌ఫారం మరీ కింద ఉంది. కండక్టర్ పసుపు స్టూలు ఒకటి తెచ్చి తలుపు ముందు వేసి, అమ్మ మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. బోగీలు డబుల్ డెక్కర్, సూపర్‌లైనర్లంటారు. సీట్లు చాలావరకు పై అంతస్తులోనే. పైకి వెళ్లే మెట్లు ఇరుకు, మధ్యలో మలుపు కూడా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు టికెట్ తీసుకునేటప్పుడే కింది అంతస్తు సీటు అడగండి, మేమూ అదే చేశాం. టాయిలెట్లు కూడా కిందే ఉంటాయి. చిక్కల్లా ఒకటే, ఒక బోగీలోంచి ఇంకో బోగీలోకి దారి పైనుంచే. అందుకని అమ్మ కింద, బాపు పైన, చెరో డబ్బాతో నేను మెట్ల మీద! చపాతీలు, టమాట పచ్చడి, సకినాలు ఇంటి నుంచే తీసుకెళ్లాం. మీరూ తీసుకెళ్లండి.

సీట్ల గురించి ఒక్క మాట చాలు: కాళ్లు పూర్తిగా చాపుకోవచ్చు. మన ఏసీ చైర్‌కార్ కన్నా చోటెక్కువ.

కండక్టర్ టికెట్ చూసి, చిన్న కాగితం ముక్క మీద మనం దిగే ఊరి కోడ్ రాసి సీటు పైన గుచ్చి వెళ్తాడు. చార్టు లేదు, కేకలు లేవు. మాది వచ్చినప్పుడు తనే వచ్చి చెప్తాడు. ఆ కాగితం ముక్క బాపుకు తెగ నచ్చింది. ఇప్పుడది ఆయన పాస్‌పోర్టులో ఉంది.

ఇక హారన్. ఇక్కడ ప్రతి లెవల్ క్రాసింగ్‌కూ డ్రైవర్ ఒకే వరుసలో కొట్టాలి: రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ ఒకటి పొడుగు. గెయిన్స్‌విల్ దాకా ఊళ్లూ రోడ్లూ ఎక్కువ కాబట్టి ఆగకుండా మోగుతూనే ఉంది. కింద అమ్మ దగ్గరికి వెళ్తే, ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేసిన మనిషి కదా, కిటికీ దగ్గర వేళ్లు మడుస్తూ, "గురువు, గురువు, లఘువు... త గణమే. మీద ఇంకో గురువు పడుతోంది" అంది. పైకి వెళ్లి బాపుకు చెప్తే, "మీ అమ్మకు గణాలు, నాకు గేట్లు" అని నవ్వారు.

రెడ్ రివర్ దాటేసరికి సరిగ్గా పొద్దు గుంకుతోంది. ఇటు టెక్సస్, అటు ఓక్లహోమా. ఏరు పేరుకు తగ్గట్టే ఎర్రటి మట్టినీళ్లు, మధ్యలో ఇసుక మేటలు. కారులో ఇదే నదిని ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు, ఒక్కసారీ చూసిన గుర్తు లేదు.

మా పక్క వరసలో నార్మన్‌లో దిగే ఒక పెద్దాయన కూర్చున్నాడు. రైలు బొమ్మ ఉన్న టోపీ, ఒళ్లో మడతలు పడ్డ కాగితాల ఫైలు. బాపు గార్డని తెలియగానే సీటు మార్చుకుని మా ఎదుటికి వచ్చేశాడు. నేను మధ్యలో దుబాసీని. ఆయన చెప్పిందాని సారాంశం ఇది. 1979 అక్టోబర్‌లో లోన్ స్టార్ అనే రైలును ఆపేశాక ఓక్లహోమాలో దాదాపు ఇరవై ఏళ్లు ఒక్క ప్యాసింజర్ రైలు లేదు. 1999 జూన్ 14న ఈ ఫ్లయర్ మొదలైంది. 2008లో వచ్చిన చట్టం ప్రకారం 750 మైళ్ల లోపు రూట్ల ఖర్చు రాష్ట్రాలే భరించాలి. అంటే ఈ బండికి రెండు రాష్ట్రాలూ చేయి కలపాలి. 2025లో టెక్సస్ శాసనసభ తన వాటా డబ్బు కేటాయించకుండానే ముగిసింది. అక్టోబర్ 1 నుంచి బండి బంద్ అన్నారు. చివరికి ఆగస్టులో ఉత్తర టెక్సస్ ప్రాంతీయ రవాణా మండలి 35 లక్షల డాలర్లు ఇస్తామంటే ఏడాది పాటు ఊపిరి నిలిచింది. మేమెక్కింది ఆగిపోవాల్సిన బండి అని అప్పుడు తెలిసింది.

ఆ ఫైలు నిండా ఉత్తరాలే. సెనేటర్లకు రాసినవి, కౌంటీ వాళ్లకు రాసినవి. ఇలాంటివాళ్లు చాలామందే ఉన్నారట. టెక్సస్ రైల్ అడ్వొకేట్స్, ప్యాసింజర్ రైల్ ఓక్లహోమా అనే సంఘాలు ఉన్నాయి. ఈ బండిని ఇంకా పైకి, విచిటా మీదుగా కాన్సస్‌లోని న్యూటన్ దాకా పొడిగించాలని నార్దర్న్ ఫ్లయర్ అలయన్స్ పోరుతోంది. అదే జరిగితే అక్కడ షికాగో, లాస్ ఏంజెలెస్ బండి అందుకోవచ్చు. దేశం మొత్తానికి ఉన్న రైల్ ప్యాసింజర్స్ అసోసియేషన్ అయితే 1967 నుంచి ఉంది, 1971లో పుట్టిన ఆమ్‌ట్రాక్ కన్నా వయసులో పెద్దది.

బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "మన దగ్గర హాల్ట్ కోసం కొట్లాడుతరు బిడ్డా. వీళ్లు రైలు కోసమే కొట్లాడుతున్నరా?" అన్నారు. ఒక విషయం చెప్పాలి. సర్వీసులో ఉన్నన్నాళ్లూ బాపుకు ప్రయాణికుల సంఘాలంటే పడేది కాదు. వినతి పత్రం పట్టుకుని డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకు వెళ్లేవాళ్లను చూస్తే, "రెండు నిమిషాల హాల్టని అడుగుతరు, నా పంక్చువాలిటీ ఏమైతదో వీళ్లకేం ఎరుక" అని ఇంటికొచ్చి తిట్టుకునేవారు. ఆ పెద్దాయన నార్మన్‌లో దిగేటప్పుడు మాత్రం బాపు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

ఓక్లహోమా సిటీలో దిగేది 1934లో కట్టిన శాంటా ఫే డిపోలో, లోపల చూడముచ్చటగా ఉంది. మేము దిగిన హోటల్ పేరు రాయను, స్టేషన్‌కు వ్యాన్ పంపుతామని పంపలేదు. రాత్రి పదింటికి సూట్‌కేసులతో నిలబడ్డాం. కాబట్టి ముందే క్యాబ్ చూసుకోండి. శనివారం స్ట్రీట్‌కార్‌లో తిరిగాం, 1995 బాంబు పేలుడు స్మారకం చూశాం. గడ్డి మీద 168 ఖాళీ కుర్చీలు, అందులో చిన్నపిల్లలవి 19 చిన్న కుర్చీలు. అమ్మ అక్కడ చాలాసేపు కూర్చుంది.

ఆదివారం తిరుగు ప్రయాణమే అసలు అందం. పొద్దుటి వెలుగులో ఆర్బకుల్ కొండల మధ్య, వాషిటా నది పక్కనే బండి ఒరుసుకుంటూ వెళ్తుంది. ఈ ముక్క రోడ్డు మీంచి కనిపించదు. ఎడమా కుడీ అని వెతుక్కోకండి, నది వంకర్లు తిరుగుతుంది, మీరూ కిటికీలు మారండి.

మార్కులు వేయమంటే సీట్లకు, సిబ్బందికి పదికి తొమ్మిది, రోజుకు ఒక్క బండే ఉన్నందుకు నాలుగు. ఇంకోటి, ఆదివారం టీఆర్ఈ నడవదు. కంగారుపడకండి. ఫోర్ట్‌వర్త్ సెంట్రల్ నుంచే టెక్స్‌రైల్ ఎక్కి విమానాశ్రయం టెర్మినల్ బీలో దిగి, టెర్మినల్ ఏ దగ్గర డార్ట్ లోకల్ రైలు ఆరెంజ్ లైన్ పట్టుకుంటే ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్ వచ్చేస్తుంది. ఒకే రోజు మూడు రైళ్లు. బాపు ఆ రోజు పడుకునేసరికి పదకొండు.

టెక్సస్ శాసనసభ మామూలుగా రెండేళ్లకోసారే కూర్చుంటుంది, 2025 తర్వాతి సాధారణ సమావేశాలు 2027 జనవరిలో. ఇది చెప్పాక బాపు నోట్‌బుక్ అడిగారు. "గౌరవనీయులైన శాసనసభ్యుల వారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశారు, అమ్మ తప్పులు దిద్దింది. "బాపూ, నువ్వు విజిటర్‌వి, నేను హెచ్1 మీదున్నా. మనకిక్కడ ఓటు లేదు" అన్నాను. "టికెట్ కొన్నం గద" అన్నారు. ఇంగ్లిష్‌లోకి మార్చి, నా పేరు మీద మా ఏరియా ప్రతినిధి ఆఫీసుకు పంపాను. బాపు ఇప్పుడు కాజీపేటలో ఉన్నారు. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ మనవడి కన్నా ముందు అడిగేది ఒకటే: "అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చిందా?"