స్ప్లిట్‌లో ఎనిమిది నెలలు: చక్రవర్తి కోట పక్కన అద్దె ఇల్లు

స్ప్లిట్‌కు వెళ్లి పని చేసుకుందామనుకునే వాళ్లకు నేను ముందుగా నెలల సంగతి చెబుతాను. ఇల్లు, ఇంటర్నెట్, మిగతావన్నీ ఆ తర్వాతే. క్రొయేషియా తీరంలోని ఈ ఊళ్లో చాలామంది ఇళ్లవాళ్ల లెక్క ఒకటే. చలికాలమంతా నెల అద్దె, వేసవి వచ్చిందంటే టూరిస్టులకు రోజు లెక్కన అద్దె. నేను చివరికి కుదుర్చుకున్న ఇంటికి నెలకు 650 యూరోలు ఇచ్చాను. అదే ఇంటికి ఆగస్టులో ఒక్క రాత్రికి 110 వస్తుందని ఓనరమ్మే చెప్పింది. ఏప్రిల్‌లో దిగి ఏడాది ఉందామనుకుంటే జూన్‌లోనే పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది. నేను అక్టోబర్ మొదట్లో దిగి మే నెలాఖరుకు ఖాళీ చేశాను.

విదేశీ కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేసేవాళ్ల కోసం క్రొయేషియా 2021లో ప్రత్యేక నివాస పర్మిట్ తెచ్చింది. స్థానిక కంపెనీలకు పని చేయకూడదు. ఆ పర్మిట్ మీద వచ్చే జీతానికి అక్కడ ఆదాయపు పన్ను లేదు. ఉద్యోగ పత్రం, ఆదాయ రుజువు, ఆరోగ్య బీమా, మన దగ్గర తీసుకున్న పోలీసు క్లియరెన్స్ అడుగుతారు. కావాల్సిన ఆదాయం మొత్తం మారుతూ ఉంటుంది కాబట్టి అప్లై చేసే రోజున అధికారిక సైట్‌లోనే చూసుకోండి. 2023 జనవరి 1న ఆ దేశం యూరో కరెన్సీలోకీ, పాస్‌పోర్టు తనిఖీ లేకుండా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోగలిగే యూరప్ దేశాల ‘షెంగెన్’ కూటమిలోకీ ఒకేసారి చేరింది. దాంతో డబ్బు మార్చుకునే పని తగ్గింది.

మొదటి మూడు వారాలు డయొక్లీషియన్ ప్యాలెస్‌లోనే గది తీసుకున్నాను. ప్యాలెస్ అంటే టికెట్ కొని చూసే కట్టడం అనుకున్నాను గానీ, అది ఊరే. రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ 305లో పదవి వదులుకుని విశ్రాంతిగా బతకడానికి కట్టించుకున్న కోట అది. ఏడో శతాబ్దంలో పక్కనున్న సలోనా నగరం దాడుల్లో నాశనమైతే, అక్కడివాళ్లు పారిపోయి వచ్చి ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. అప్పటి నుంచి మనుషులు ఉంటూనే ఉన్నారు. రోమన్ తోరణాన్ని ఇటుకలతో మూసి కిటికీ పెట్టుకున్న ఇళ్లు, పదిహేడు వందల ఏళ్ల గోడకు కొట్టిన మేకుల మధ్య బట్టలారేసే తాళ్లు కనిపిస్తాయి. ఒక సందు పేరు ‘నన్ను పోనివ్వు’. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు పక్కకు ఒత్తిగిలాల్సిందే. క్రైస్తవులను హింసించిన ఆ చక్రవర్తి సమాధి మందిరమే ఇప్పుడు కథీడ్రల్. అదీ ఆయన కాలంలో చంపేసిన బిషప్ దొమ్నియస్ పేరు మీద. దాని ముందు ఈజిప్టు నుంచి తెచ్చిన నల్ల రాతి స్ఫింక్స్, అంటే మనిషి తల, సింహం ఒళ్లు ఉన్న విగ్రహం, కూర్చుని ఉంటుంది. తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు దాని పక్కన నిలబడితే నాకు ఒళ్లు జలదరించింది.

అయినా లోపల ఉండమని ఎవరికీ చెప్పను. నా గది గోడ మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా ఉన్నంత మందం. రూటర్ హాల్లో, నేను గదిలో. ఒకే మీటింగ్‌లో మూడుసార్లు కాల్ తెగిపోయింది. చివరికి లాప్‌టాప్ పట్టుకుని వంటగట్టు దగ్గర నిలబడి మాట్లాడాను. అర్ధరాత్రి దాకా బార్ల చప్పుడు, పొద్దున్నే రాతిబాట మీద సూట్‌కేసు చక్రాల చప్పుడు. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అద్దె ఒప్పందం. పర్మిట్ కోసం నా చిరునామా పోలీసుల దగ్గర నమోదు కావాలి. సంతకం పెట్టడానికి ఆ ఇంటాయన రోజుకో సాకు చెప్పాడు. ఒప్పందం చేతికి రాకుండా ఎక్కడా అడ్వాన్స్ ఇవ్వకండి. ప్యాలెస్‌లో రెండు రాత్రులు చాలు.

అక్కడి నుంచి వారోష్‌కు మారాను. ప్యాలెస్‌కు పడమరగా, మార్యన్ కొండ కింద ఉండే పాత పేట. మెట్ల సందులు, రాతి ఇళ్లు, వాకిళ్లలో పిల్లులు. సాయంత్రం పావుగంట మెట్లెక్కితే ఊరు, ఓడరేవు, దీవులు ఒక్క చూపులో కనిపిస్తాయి. వేసవిలో చల్లగా ఉండే ఆ రాళ్లు జనవరిలో మాత్రం ఎముకలు కొరికేస్తాయి. నా ఇంట్లో ఏసీ ఒక్కటే హీటరు, కరెంటు బిల్లు వేరే. ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ ఏమిటని అడగడం మరిచిపోవద్దు. కొండల మీద నుంచి ‘బుర’ గాలి వీస్తే ఆకాశం అద్దంలా ఉంటుంది గానీ తలుపు తీయలేం. దక్షిణం నుంచి ‘యూగో’ వస్తే వాన, ఉక్క. బట్టలు మూడు రోజులైనా ఆరవు.

పని వేళలు నాకు బాగా కలిసొచ్చాయి. చలికాలంలో మన టైమ్ కంటే నాలుగున్నర గంటలు వెనక. హైదరాబాద్ టీమ్ పదింటికి మీటింగ్ పెడితే ఇక్కడ తెల్లవారుజాము అయిదున్నర. లేవడం కష్టమే, కానీ మధ్యాహ్నం రెండుకల్లా పని అయిపోయేది. అప్పుడు బాచ్విత్సే బీచ్‌కు పోయేదాన్ని. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో అయిదారుగురు గుండ్రంగా నిలబడి, చిన్న బంతిని నీళ్లలో పడనీయకుండా అరచేత్తో కొడుతూ ‘పిసిగిన్’ ఆడతారు. పాయింట్లు, గెలుపోటములు లేవు. జనవరి 1న కూడా ఆడారు. కేఫేల్లో ఒక్క కాఫీ మీద రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. కాకపోతే అక్కడివాళ్లు కబుర్ల కోసం కూర్చుంటారు, పైగా సిగరెట్ పొగ. పనికి కోవర్కింగ్ స్పేసే, అంటే డబ్బు కట్టి కూర్చునే ఉమ్మడి ఆఫీసే నయం.

తిండి విషయంలో నన్ను ఆదుకుంది తూర్పు గోడ పక్కనున్న పజార్, అంటే కూరగాయల సంత. 2023 నుంచి షాపులు ఏడాదికి 16 ఆదివారాలకు మించి తెరవకూడదని చట్టం ఉంది, అందుకే శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. పజార్‌లో ‘బ్లిత్వ’ అనే ఆకుకూర కట్టలు కట్టి అమ్ముతారు. బీట్‌రూట్ ఆకు జాతి, తెల్లటి లావు కాడ. వాళ్లు బంగాళాదుంపతో ఉడికించి, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి చేపల పక్కన పెట్టుకుంటారు. నేను కాడలు సన్నగా తరిగి ముందు కందిపప్పులో వేసి, ఆకు చివర్లో వేసి, ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు పిండాను. తోటకూరకూ పాలకూరకూ మధ్య రుచి. పక్కింటి పెద్దావిడకు గిన్నెలో ఇస్తే, రెండో రోజు గిన్నె నిండా అంజీర పళ్ల జామ్ పెట్టి తిరిగి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు అక్కడా ఉందని తెలిసి కళ్లు చెమర్చాయి.

సెలవు రోజుల్లో ఫెర్రీ ఎక్కితే ముప్పావు గంట దాటాక బ్రాచ్ దీవి, 37 నంబర్ సిటీ బస్సు ఎక్కితే త్రోగిర్ పాత పట్టణం. త్రోగిర్ ఒక పూటకు చాలు. నాకు ఎక్కువ నచ్చింది సలోనా శిథిలాలు. అక్కడికి దగ్గర్లోనే యాద్రో నది ఊట ఉంది. డయొక్లీషియన్ తన ప్యాలెస్‌కు కాలువ కట్టి నీళ్లు తెప్పించుకుంది ఆ ఊట నుంచే. నా వంటింటి కుళాయిలో వచ్చేవీ ఆ నీళ్లే. కాచకుండా తాగేదాన్ని. పెద్ద వాన పడితే మాత్రం కాస్త కలకబారేవి.

మే 7న ఊరి పండుగ, సెయింట్ దొమ్నియస్ రోజు. సముద్రపు ఒడ్డున రివా వీధంతా జనం, గంటల మోత. పెద్దావిడ నన్ను చెయ్యి పట్టుకుని ఊరేగింపు దగ్గరికి తీసుకెళ్లింది. నేను తొందరపడి ముందుకు తోసుకుంటుంటే ‘పోమలో, పోమలో’ అంది, అంటే నెమ్మదిగా అని. అప్పటికే వీధిలో రోజువారీ టూరిస్టుల సూట్‌కేసులు మొదలయ్యాయి. నెలాఖరున తాళాలు ఓనరమ్మకు ఇచ్చి, మిగిలిన చింతపండు, కందిపప్పు పొట్లం పెద్దావిడ గుమ్మంలో పెట్టి బస్టాండుకు నడిచాను.